డైరెక్టర్లు తల ఎత్తరేం?

సుజుయా మందుల కంపెనీ మునుగుతుందా తేలుతుందా అని ఆ జూన్ నెలంతా తొయామా ఊళ్ళో ఒకటే గోల. కొత్త ఫ్యాక్టరీలు కొనడానికి పీకలదాకా అప్పు చేసిందాయె. ఆ అప్పు గడువు నెలాఖరుతో సరి. బ్యాంకులు గడువు పెంచకపోతే దివాలాయే.

మసుయో దాచుకున్నదంతా ఆ షేర్లలోనే ఉంది. ముల్లంగీ చేపముద్దలూ పులుసులో ఉడికించి అమ్మే ఓదెన్ కొట్టు ఆమెది. అది నడుపుకునే గదిని యజమాని అమ్మకానికి పెట్టి, "ముందు నిన్నే అడుగుతున్నా, చలి మొదలయ్యేదాకా ఆగుతా" అన్నాడు. షేర్లు నిలబడితే కొట్టు తనది. లేదంటే ఇన్నేళ్ళుగా ముల్లంగి ఉడికిన పొయ్యి ఆర్పేసి తాళం యజమాని చేతిలో పెట్టాలి.

పైగా ఈ ఏడు వాటాదార్ల సమావేశానికి పిలుపైతే వచ్చింది గాని, ఏటా చేతిలో పెట్టే ఎర్ర చేప ఊసు అందులో లేదు. నిజం చేప కాదు. చేపమాంసం మెత్తగా రుబ్బి, చేప ఆకారంలో ఆవిరి పట్టి, రంగులద్దిన కమబోకో. పెళ్ళిళ్ళలో పంచేది. శుభం ఒక్కళ్ళే మింగకూడదని దాన్ని కోసి ఇరుగుపొరుగుకు పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ.

"చేపకే గతిలేనివాళ్ళు అప్పేం తీరుస్తారు వదినా?" అంది ఆడపడుచు తోమి, సమావేశం హాల్లో పక్క కుర్చీలో కూలబడుతూ. ఆవిడకీ కాసిని షేర్లున్నాయి. నోరు అంతకన్నా ఎక్కువుంది.

"ఒక్క మంచి మాట రాదు గదే నీ నోట!" అంది మసుయో.

డైరెక్టర్లు వరసగా వచ్చి నిలబడి, మాటా పలుకూ లేకుండా నడుములు వంచారు. వంచినవాళ్ళు వంచినట్టే ఉన్నారు. మామూలు నమస్కారమైతే ఈపాటికి లేవాలి. అంత కిందికి, అంతసేపు వంగారంటే అర్థమేమిటో టీవీ చూసే ప్రతివాళ్ళకీ తెలుసు. కొంప మునిగిందని చెప్పబోయే ముందు అలా వంగుతారు. హాల్లో కలకలం రేగింది. పోయింది, కొట్టు పోయింది అనుకుంది మసుయో. ఏడుపు ముంచుకొచ్చింది.

తోమి ఫోను తీసి టకటకా నొక్కేసింది. "అమ్మిపారేశా వదినా! నువ్వూ కానీయ్, చూస్తావేం?"

"ఆగవే! ఆ ఛైర్మన్ని తల ఎత్తనీ. మొహం చూడకుండా ఎలా అమ్మను?"

ఛైర్మన్ తల ఎత్తాడు. మొహం కందిపోయి ఉంది. "ఈ ఏడు మీకు చేప పెట్టలేకపోయామండీ. మా తాతలనాటి నుంచీ ఇలా ఎప్పుడూ జరగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాం. క్షమించాలి."

హాలంతా నోరెళ్ళబెట్టింది. "మరి అప్పో?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"అదా అండీ? మా ఆఫీసు అద్దాల మేడ అమ్మి సగం తీర్చేశాం. మిగతాదానికి గడువు పెంచుతూ బ్యాంకులు పొద్దున్నే సంతకాలు పెట్టాయి. చేప దండగ ఖర్చని వాళ్ళే మాన్పించారు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు గదయ్యా!" మసుయో తనకు తెలియకుండానే లేచి కేకేసింది. హాలంతా పడీ పడీ నవ్వింది. ఛైర్మన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మసుయోకి నవ్వుతుండగానే కళ్ళనీళ్ళు కారాయి. ఇంత సంతోషపడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

మార్కెట్ మూసేసరికి షేరు ఎగిరి కూర్చుంది. మసుయో తిన్నగా బజారుకెళ్ళి, మూరెడు ఎర్ర చేపను తనే కొనుక్కొచ్చి, కొట్లో అందరి ముందూ కోసింది. తల ముక్క గది యజమానికి పెట్టి, "చలిదాకా ఎందుకండీ, కాగితాలు రాయించండి" అంది.

మూలన మొహం వేలాడేసుకుని కూర్చున్న తోమి ముందు తోక పెట్టింది.

"నాకు తోకా వదినా?"

"వాళ్ళు వంగుండగా అమ్ముకున్నదానికి తోకే. తిను. తిని, రేపట్నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చో. ఇప్పుడిది మన కొట్టు."