రెక్కల దర్జీ

మా ముత్తాత తొలి యుద్ధవిమానాల కాలంలో పైలట్ అని పెదనాన్న కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆయన కూల్చిన శత్రువిమానాలు ఒకటో రెండో పెరిగేవి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఈ పిచ్చి మరీ ముదిరింది.

“అమ్మాయ్, కళ్లద్దాల షాపులో ఉన్నదానివి, చీమ తలకాయంత అక్షరాలైనా చదవగలవు. వెళ్లి మా తాతయ్య కాగితాలు వెతికిపెట్టు” అన్నాడు ఒకరోజు.

సైనిక రికార్డుల ఆఫీసు మా షాపుకి నాలుగు స్టాపుల దూరం. నా సెలవు బుధవారం. అక్కడి ఉద్యోగిని, మాటకి ముందు నవ్వే పెద్దావిడ, పైలట్ల జాబితా తెచ్చిచ్చింది. మూడుసార్లు చూశాను. ముత్తాత లేడు. గాయపడ్డవాళ్లలో వెతికాను, పతకాలొచ్చినవాళ్లలో వెతికాను. మూడు బుధవారాలు గడిచిపోయాయి.

“సైన్యంలో చేరకముందు ఏం చేసేవారమ్మా ఆయన?” అని అడిగిందావిడ.

“బట్టలు కుట్టేవాడండీ.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దూ! అప్పటి విమానాల రెక్కలంటే ఏమనుకున్నావు? కర్ర చట్రానికి బిగించి కుట్టిన గుడ్డేగా!”

వర్క్‌షాపు రిజిస్టరు తెరవగానే దొరికాడు. పేరు ఎదురుగా ‘రెక్కల దర్జీ’ అని ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. పెదనాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? రిజిస్టరు మూసేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఇంతదూరం వచ్చి గుమ్మంలోంచే వెనక్కెళ్తావా? మీ ముత్తాత పనిచేసిన దళంలో పైలట్ ఒకాయన డైరీ ఉంది, అదీ చూడు.”

సిరా వెలిసి టీ మరకలా ఉంది. సంచిలోంచి భూతద్దం తీశాను. సాయంత్రం ఆఫీసు మూసేదాకా తల ఎత్తలేదు.

ఆ దళానికి బయటినుంచి వచ్చిన రెక్కల గుడ్డ గాల్లో చిరిగి, ఒకే వారంలో ఇద్దరు పైలట్లు పోయారట. ఆ తర్వాత గుడ్డ మార్చిన విమానం ఎక్కాలంటే ఎవరికీ కాళ్లు రాలేదు. అప్పుడు మా ముత్తాత అధికారి ముందుకెళ్లి నిలబడ్డాడు.

“నేను కుట్టిన ప్రతి రెక్క మీదా ముందు నేను ఎగురుతానండీ. చిరిగితే నాతోనే చిరుగుతుంది. నడపడానికి ఒక్కరు రండి, చాలు.”

చివరికి డైరీ రాసినాయనే ముందుకొచ్చాడు.

‘దర్జీకి ఎత్తంటే చచ్చేంత భయమని పైకెళ్లాక తెలిసింది’ అని రాసుకున్నాడాయన. ‘దిగేదాకా కళ్లు తెరవలేదు. దిగాక కక్కుకున్నాడు. మొహం కడుక్కుని, సూదిలో దారం ఎక్కించి, రెండో రెక్క ముందు కూర్చున్నాడు.’

అలా యాభైమూడు సార్లు. చివరి పేజీల్లో కూడా ‘దర్జీ కళ్లు తెరవలేదు’ అనే ఉంది. ఆ దళంలో మళ్లీ రెక్క చిరిగి ఎవరూ పోలేదు.

మర్నాడు పెదనాన్న ఇంటికెళ్లి అంతా చెప్పాను.

“దర్జీయా?” అన్నాడు మొహం మాడ్చుకుని.

నేను రాసుకొచ్చిన కాగితం చేతికిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. చదివిందే మళ్లీ చదివాడు. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాచి తడుముకున్నాడు.

“తాతయ్య మేడెక్కేవాడు కాదే” అన్నాడు. “నిచ్చెన మొదటి మెట్టు మీదే వణికేవాడు. మేం చిన్నపిల్లలం, పిరికి తాతయ్య అని ఏడిపించేవాళ్లం. నవ్వి ఊరుకునేవాడు. విమానాల దళంలో ఉన్నానని తప్ప ఒక్కమాట చెప్పలేదు చూడు!”

ఆ వణుకుతోనే యాభైమూడు సార్లు ఎక్కినవాడి ముందు పైలట్లూ పతకాలూ నాకు చిన్నవైపోయాయి.

తర్వాతి బుధవారం పెదనాన్న నాకంటే ముందే ఆ ఆఫీసు మెట్ల మీద ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. డైరీని తాకీతాకనట్టు తిరగేసి, పెద్దావిడ వైపు తిరిగాడు.

“అమ్మా, ఇది రాసినాయన మనవలు ఎక్కడున్నారో కనుక్కోవచ్చా?”

“ఎందుకండీ?”

“ఉత్తరం రాయాలి. మా తాతయ్యతో మొదటిసారి ఎక్కింది వాళ్ల తాతేనని వాళ్లకి తెలుసో లేదో.”

ఆవిడ ఇంకో జాబితా తేవడానికి లేచింది. పెదనాన్న నా భూతద్దం అడిగి తీసుకున్నాడు.