చెనక్కాయ గింజల దళం

ఆ కార్తీకంలో నా చేతిలో ఉన్నవి ఇవి: కళ్యాణదుర్గం ఊరి చివర ఒక ఖాళీ గోదాము, కాయలు కొట్టే ఒక ఆగిన మిషన్, గింజలు ఏరడానికి ఎప్పుడో చేయించిన పెద్ద బల్ల, ఆ బల్ల మీద సగంలో ఉన్న ఒక యుద్ధం.

వాన రాలేదు, పంట రాలేదు, గోదాములోకి మూట రాలేదు. ముప్పై ఏళ్ళుగా వేరుశనగ కొని అమ్ముతున్న నాకు ఇది కొత్త కాదు. కొత్తది ఆ యుద్ధమే. మా మిద్దె మీది గదిలో అద్దెకున్న కిరణ్ అనే గాలిమరల ఇంజినీరు బదిలీ మీద పోతూ నాకు ఒక పెట్టె ఇచ్చి పోయాడు. అందులో నాలుగు అట్టలు ఉన్నాయి. పక్కపక్కన పరిస్తే ఒక దేశం అవుతుంది. దాని మీద తేనెపట్టులాగా ఆరు మూలల గళ్ళు. ఒక పక్క గుట్టలు, ఒక పక్క అడవి, మధ్యలో ఏరు, ఏటి మీద ఒకే ఒక వంతెన. దళాలంటే చిన్న చదరపు అట్టముక్కలు. ఒక్కో ముక్క మీద రెండు అంకెలుంటాయి. ఆ దళం ఎంత గట్టిగా కొట్టగలదో ఒక అంకె, ఎన్ని గళ్ళు నడవగలదో ఇంకో అంకె. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. నియమాల పుస్తకం అరవై పేజీలు.

కిరణ్ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు నన్ను ఎదుట కూర్చోబెట్టుకుని నేర్పాడు. తను పోయాక ఎవరితో ఆడాలని ఫోన్ చేసి అడిగాను. మా ఊళ్ళో పేకాటకు మనుషులు దొరుకుతారు గాని, అరవై పేజీలు చదివి వచ్చి కూర్చునేవాడు దొరకడు. ఈ ఆటలు ఒంటరిగా ఆడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని, రెండు పక్షాలూ నన్నే ఆడమని అతను చెప్పాడు.

మొదట నాకు నవ్వొచ్చింది. ఎదుటివాడి ముఖం చూసి వాడి మనసులో ధర ఎంతుందో పట్టడమే నా పని. ఎదుట నేనే కూర్చుంటే పట్టడానికి ఏముంది? అయినా మొదలుపెట్టాను. ఏరు దాటి రావాల్సిన ఏటివాళ్ళకు బల్లకు ఇటొక కుర్చీ, వాళ్ళను ఆపాల్సిన గుట్టవాళ్ళకు అటొక కుర్చీ వేశాను. ఒకే పూట రెండు వైపులా ఆడితే లెక్క చెడుతున్నదని తొందరగానే తెలిసింది. ఏటివాళ్ళు వంతెన మీదికి రావాలనుకోగానే, ఆ సంగతి తెలియకూడని గుట్టవాళ్ళు వంతెన దగ్గరికి పరుగెత్తుతున్నారు. అందుకని రోజుకు ఒక పక్షమే ఆడాలని పెట్టుకున్నాను. మధ్యలో ఒక రాత్రి నిద్రపోతే నిన్నటి ఎత్తుగడ కొంత పలచబడుతుంది. రెండో కుర్చీలో కూర్చున్నప్పుడు, బల్ల మీద ఏది కనబడితే దాన్ని బట్టే కదలాలి.

ఆటలో నాకు బాగా నచ్చింది సరుకు దారి. దళం ఎంత బలమైనదైనా సరే, వెనక బండ్ల దారి తెగితే దాని బలం సగానికి పడిపోతుంది. ఈ నియమం చదవగానే, ఈ పుస్తకం రాసినవాడు ఎక్కడో మండీలో కూర్చుని ఉంటాడనుకున్నాను.

ఆట ఇరవై వంతులు. ఇరవయ్యో వంతు ముగిసేలోపు ఏటివాళ్ళు ఏరు దాటి, గుట్టల మధ్యనున్న కనుమను పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే గుట్టవాళ్ళు గెలిచినట్టు. దాన్ని చివరి వంతు దాకా న్యాయంగా ఆడి తేల్చాలని నా పట్టుదల. ఎందుకంటే ఈ నేల మీద చివరి దాకా నడిచిన లెక్కను నేను చూసింది తక్కువ. చెట్టు ఊడలు నేలలోకి దిగే వేళకు వాన పోతుంది. కాయ ఊరే వేళకు తెగులు వస్తుంది. రెండూ తప్పించుకుని సరుకు గోదాము చేరితే ధర పడిపోతుంది. ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో తేలకుండానే ఏడాది అయిపోతుంది. ఒక్కటన్నా మొదలు నుంచి చివరి దాకా నియమం ప్రకారం నడవాలనిపించింది.

నా భార్య రామలక్ష్మమ్మ ఒక రోజు టీ తెచ్చి చాలాసేపు పటాన్ని చూసింది. ఏరు దాటడానికి వారం నుంచి అవస్థ పడుతున్నానని చెప్పాను.

"మన పెన్నేరైతే చెప్పు తడవకుండా దాటుకుంటాండ్రి గదా," అని గ్లాసు పెట్టి పోయింది.

ఏటివాళ్ళ అట్టముక్కలను అంతకు ముందు ఏడాదే చెదలు తినేశాయి. పెట్టెను గోడవారగా నేల మీద పెట్టడం నా పొరపాటు. వాటి బదులు మా సరుకే, చెనక్కాయ గింజలు పెట్టుకున్నాను. పొట్టు తీయని ఎర్ర గింజ ఒక దళం. లావు గింజకు ఎక్కువ బలం, సన్న గింజకు తక్కువ. బల్ల కాళ్ళ చుట్టూ చీమల మందు గీత గీశాను. సరుకు లేని గోదాములో ఎలుకలు కూడా ఉండవు కాబట్టి ఆ భయం లేదు. గింజలకు ఇంకో శత్రువు ఉంటుందని నాకు తట్టలేదు. వేరుశనగ వ్యాపారికి తట్టి ఉండాల్సింది.

పద్నాలుగో వంతు అయ్యేసరికి ఏటివాళ్ళు వంతెన దాటి అవతలి గట్టున కాలు మోపారు. వాళ్ళ వెనక అడవిలో మూడు దళాలను దాచిపెట్టాను. కనుమ మీద చివరి దెబ్బ కొట్టాల్సింది అవే. ఇంకా ఆరు వంతులున్నాయి, అంటే పన్నెండు రోజులు. అప్పుడు వచ్చాడు ఓబుళేసు.

ఓబుళేసుది బత్తలపల్లె. డ్రిప్పు పైపులు, స్ప్రింక్లర్లు అమ్ముతాడు. సోమవారం నుంచి పైపుల లారీలు వస్తాయని, గోదాము మొత్తం ఏడాదికి బాడుగకు కావాలని అన్నాడు. ఖాళీ గోదాముకు అంతకంటే మంచి బేరం రాదు. బల్లను ఇంటికి మార్చలేను, మా ఇంటి తలుపులో పట్టదు. పటాన్ని ఎత్తితే అట్టలు విడిపోయి గింజలు దొర్లుతాయి. కాబట్టి బల్ల పట్టేంత చోటు మాత్రం పన్నెండు రోజులు నాకే ఉండాలి. దాన్ని బేరం చివర్లో, పెద్ద విషయం కానట్టు అడుగుదామనుకున్నాను. ముందే అడిగితే నాకు అవసరమని వాడికి తెలుస్తుంది. అవసరం తెలిసిన మనిషి దగ్గర బేరం నిలవదు.

ఇద్దరం బల్లకు చెరో వైపు కూర్చున్నాం. ఓబుళేసు ఏటివాళ్ళ కుర్చీలో కూర్చున్నాడు. బాడుగ గురించి, తాళం గురించి, కరెంటు బిల్లు గురించి మాట్లాడుతూనే చెయ్యి చాపి అడవిలో నుంచి ఒక గింజ తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నలిపి, పొట్టు ఊది, నోట్లో వేసుకున్నాడు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా వ్యాపారంలో గింజలు కనబడితే ఎవరైనా తీసుకుని తింటారు. అడగరు. మండీలో, కళ్ళంలో, అంగడిలో అంతే. అది తిండి కాదు, సరుకు చూడడం. ఆ చేతికి అడ్డం చెప్పిన వ్యాపారి దగ్గర సరుకు పుచ్చుదని అర్థం. నేను ముప్పై ఏళ్ళలో ఒక్క చెయ్యికీ అడ్డం చెప్పలేదు.

అందుకని ముఖంలో ఏదీ కనపడనివ్వకుండా కూర్చున్నాను. ఓబుళేసు పైకప్పు రేకుల గురించి అడిగాడు. కారదని చెప్పాను. రెండో గింజ పోయింది. ముందు కొంత దుడ్లు ఇస్తానని, మిగతాది తర్వాత ఇస్తానని అన్నాడు. నేను సగం ముందు ఇమ్మన్నాను. వాడు ఆలోచిస్తూ మూడో గింజ నమిలాడు. దాచిపెట్టిన సైన్యమంతా నా కళ్ళ ముందే అయిపోయింది. అయినా లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు గుర్తుంది, రాత్రికి మళ్ళీ పెట్టుకోవచ్చు, ఇంకో రెండు మాటల్లో బేరం నా వైపు తెగుతుంది.

వాడి చెయ్యి వంతెన మీదికి వచ్చింది. వంతెన మీది దళం పోతే అవతల గట్టున ఉన్నవాళ్ళకు సరుకు దారి తెగుతుంది. ఆ గింజ నలిగిపోతుంటే నా నోరు ఆగలేదు.

"ఓబుళేసూ, ఆ గింజ తినాకప్పా."

వాడి చెయ్యి ఆగింది. "ఎందుకన్నా, పుచ్చిందా?"

"పుచ్చలేదు. అది దళం. వంతెనకు కావలుండాది."

అరచేతిలోని గింజను చూసి, పటాన్ని చూసి, నన్ను చూశాడు. "అట్లయితే ఇంతకు ముందు నేను తినినవి?"

"అవీ దళాలే."

"మూడు దళాలను తినేదాంకా గమ్మున కూర్చుంటివా? నీ మొగం చూస్తే మబ్బు లేని ఆకాశం మాదిరి ఉండాదే."

"చెప్పింటే నువ్వు బాడుగ తగ్గిస్తాంటివి."

"ఇప్పుడు చెప్తివి గదా. ఇప్పుడూ తగ్గిస్తా," అన్నాడు ఓబుళేసు. సగం పొట్టు ఊడిన గింజను మాత్రం జాగ్రత్తగా వంతెన మీద పెట్టాడు.

నేను కిరణ్ పెట్టె సంగతి, పన్నెండు రోజుల సంగతి చెప్పాను. ఇక దాచడానికి ఏమీ లేదు. అంతా విని వాడు ఒకే మాట చెప్పాడు. వెనక మూల ఏడాదంతా నాదే, పైపులు ఆ పక్కకు రావు, దానికి బదులు బాడుగలో నాలుగో వంతు కోత. ఎదుటివాడు చెప్పిన మొదటి ధరకు నేను ఒప్పుకోవడం అదే మొదలు. గోదాము వచ్చే ఏడు కూడా బాడుగకు పోతుంది. ఈ యుద్ధం చెదిరితే మళ్ళీ కుదరదు. నాకు ఆ లెక్క చాలింది.

ఆ సాయంత్రం మూడు గింజలు తెచ్చి అడవిలో పెట్టబోయాను. రెండింటి చోటు నిస్సందేహంగా తెలుసు. మూడోది లావు గింజ. అది అడవి అంచు గడిలో ఉందో, దాని వెనక గడిలో ఉందో తేలలేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా నా చెయ్యి అంచు గడి వైపే పోతోంది. అక్కడి నుంచైతే ఒక వంతు ముందుగా వంతెన చేరుతుంది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ రెండు కుర్చీల్లో కూర్చున్నా, ఏటివాళ్ళు గెలవాలన్నదే నా కోరిక అని. దూరం నుంచి బరువు మోసుకొచ్చేవాళ్ళ మీద నాకెప్పుడూ మొగ్గు ఉంటుంది.

సందేహం ఉన్నచోట తూకం ఎవరికి అనుమానమో వాళ్ళ చేత వేయించాలి. మండీలో అదే పద్ధతి. గింజ పట్టుకుని అవతలికి పోయి గుట్టవాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే అది వెనక గడిలోనే ఉండాలి. అక్కడే పెట్టాను.

సోమవారం ఓబుళేసు మనుషులు వచ్చారు. బల్లను వెనక మూలకు మార్చడానికి నలుగురు పట్టారు. ఒక కాలు ఓబుళేసే పట్టాడు. "మెల్లగా నడవండప్పా, దాని మీద మనుషులుండారు," అని వాళ్ళను హెచ్చరించాడు. ఒక్క గింజా దొర్లలేదు.

పైపుల కట్టల వెనక కూర్చుని రోజుకు ఒక పక్షం ఆడాను. లావు గింజ వంతెన దగ్గరికి ఒక వంతు ఆలస్యంగా చేరింది. ఆ సందులో గుట్టవాళ్ళు వంతెనను పేల్చడానికి పాచికలు వేశారు, కావాల్సిన అంకె పడి వంతెన కూలింది. అవతల గట్టున ఉన్న దళాలకు సరుకు అందక బలం సగమైంది. అయినా పోరాడాయి. ఇరవయ్యో వంతులో కనుమకు ఒక్క గడి ఇవతల ఆగిపోయాయి.

ఆ పూట ఓబుళేసు లారీ దింపించుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎవరు గెలిచారని అడిగాడు. గుట్టవాళ్ళని చెప్పాను.

"అంటే నువ్వు గెలిస్తివా, ఓడితివా?"

రెండూ అని చెప్పాను. ఇంకా వివరం కావాలంటే అరవై పేజీలున్నాయని అన్నాను. వాడు దండం పెట్టి పోయాడు.

మొత్తం మీద లెక్క ఇది. పోయినవి: బాడుగలో నాలుగో వంతు, మూడు గింజలు, నా ముఖం ఎవరూ చదవలేరన్న పేరు. వచ్చినవి: మిగతా బాడుగ, గోదాములో ఒక మూల ఏడాది పాటు, నా మనసు ఏ పక్కకు వాలుతుందో ఆ ఎరుక, నియమం తప్పకుండా చివరి వంతు దాకా నడిచి తేలిన ఒక యుద్ధం. అది నేను గెలవాలనుకున్న పక్కకు తేలలేదు. ఆ సంగతి కూడా జమలోనే వేసుకున్నాను.