కొట్టంలో ఉడుము

రేపల్లె శివారులో, కాలవ గట్టున ఉన్న తన ఎండుచేపల కొట్టానికి కోటిరత్నం వచ్చేసరికి, మరిది సింగయ్య గుమ్మానికి అడ్డంగా వల పట్టుకుని నిలబడ్డాడు. లోపల గంపల మీదికెక్కి కోడలు నాగవేణి ముడుచుకు కూర్చుంది. ఇద్దరి మధ్యా నేల మీద మూడు మూరల ఉడుము.

“అరవకు వదినా. వెనక తలుపుకి బయట గడియ పెట్టేశా. ఇంకెటు పోద్ది?” అన్నాడు సింగయ్య.

“లోపల పిల్ల ఉందని చూశావా?”

“నడుం నొప్పికి దీని మాంసం మంచి మందంట. నీకోసమే!”

“నా నడుం సంగతి నీకెందుకు? దాని దారి మూసి, నా కోడల్ని దాని ముందు పడేశావు కదరా!”

ముప్పై ఏళ్లుగా వల విసిరిన సింగయ్య చెయ్యి ఆగలేదు. వల ఉడుము మీద పడింది. వలలో చేపైతే కాసేపటికి అలిసిపోతుంది. ఇది బుసకొట్టి గిర్రున తిరిగింది. తోక దెబ్బకు అడుగు గంప కదిలింది. పైన నాగవేణి తూలి, “అత్తా!” అని కేకేసింది.

“వల వదిలెయ్!”

“వదిలితే వల చింపేస్తది వదినా.”

వల చిరిగితే కుట్టుకోవచ్చు. పిల్ల కాలు చిరిగితే? ఈ పాటి లెక్క తెలియనివాడితో మాటలేంటని కోటిరత్నం కొట్టం చుట్టూ పరుగెత్తింది. వెనక గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, దూరంగా పక్కకు తప్పుకుంది.

“వదులుతావా, నీ చెయ్యి విరగ్గొట్టనా?”

సింగయ్య వదిలేశాడు. వల వదులైంది. ఉడుము విదిలించుకుని, తెరిచిన తలుపులోంచి గట్టు పొదల్లోకి దూసుకుపోయింది.

“పోనిచ్చావుగా. రేపు మళ్లీ వస్తది చూడు,” అని గొణిగాడు సింగయ్య.

“ఎందుకు రాదు? దాని తిండి ఇక్కడే పోశాంగా.”

గోడ వారన చేప పేగుల కుప్ప మీద ఈగలు ముసురుతున్నాయి. కాలవ దాటి అంత దూరం మోయడం దండగని, అక్కడే పారబోయమన్నది తనే. కోపం తిరిగొచ్చి తన మీదే పడింది.

“గొయ్యి తవ్వు. కాలవ అవతల, లోతుగా.”

“ఇప్పుడా? సరుకు కోసం తెనాలి ఆటో వచ్చే వేళైంది.”

“నోరుమూసుకుని తవ్వు.” కోడలి వైపు తిరిగింది. “ఈసారి అది కనపడితే గంపలెక్కకు. తలుపు తీసుంచి బయటికొచ్చెయ్. దాని దారిన అదే పోద్ది.”

రోడ్డు మీద ఆటో హారన్ రెండుసార్లు మోగింది. కోటిరత్నం తిరిగి చూడలేదు. కంపు కొట్టే పేగులు నింపి మొదటి తట్ట నెత్తికెత్తుకుంది.