ఇద్దరికి వినబడిన చప్పుడు

బావ పోయిన దగ్గర్నుంచీ ఆ లిఫ్టు మెకానిక్కు తలలో కిర్రుమనే చప్పుడొకటి కాపురం పెట్టింది. పొమ్మంటే పోదు, పోనీ వేళకి నిద్రపోతుందా అంటే అదీ లేదు. మొహం కడుక్కుంటుంటే కిర్రు, ముద్ద నోట్లో పెట్టుకుంటే కిర్రు. ఎక్కడో నెత్తిమీద ఇనుపతాడు పోగు పోగుగా తెగుతున్నట్టు.

బావా అతనూ పనిలో ఒక జత. వాళ్ల పనిలో ఒక కట్టుబాటుంది: చప్పుడు ఇద్దరి చెవినా పడితేనే పని ఆపాలి. ఒక్కడి మాటకే ఆపుతూ పోతే గాలికీ ఎలుకకీ కూడా సెలవు పెట్టాల్సొస్తుంది. ఆ రోజు కిర్రుమన్నది అతనికి వినబడింది. "ఆగు బావా" అన్నాడు. బావ ఓ క్షణం చెవి ఒగ్గాడు. "నాకేం వినబళ్లేదు. ఆ చెవులు కడుక్కోరా, లోపల కాకులు గూడు పెట్టుంటాయి" అని నవ్వుతూ పైకెక్కాడు. ఆ నవ్వు పైనే ఉండిపోయింది. తెగిన తాడుతో పాటు మనిషి ఒక్కడే కిందికొచ్చాడు.

అప్పట్నుంచి ఏ చప్పుడు బయటిదో, ఏది తనదో అతనికి తెలియడం మానేసింది. మంగలి కొట్లో ఫ్యాను కింద కూర్చుని "జరగండి!" అని ఒక్క కేక పెట్టాడు. మంగలి ఎగిరి పడ్డాడు, కుర్చీలో పెద్దమనిషికి సగం మీసం ఎగిరిపోయింది. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఆ వీధిలో రెండోవైపు మొహమే చూపించి నడుస్తాడని చెప్పుకుంటారు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. మందులు రాసిచ్చి, అక్కని పక్కకి పిలిచాడు. "ఇతన్ని మనుషుల మధ్య కూర్చోబెట్టండమ్మా. నాటకాలకి తీసుకెళ్లండి. సినిమా కాదు, ఎదురుగా మనుషులు ఊపిరి పీల్చే చోటికి. అప్పటికీ ఇలాగే అరుస్తుంటే ఆస్పత్రిలో చేర్చక తప్పదు."

అక్క అంటే ఆ బావ భార్యే. ఆవిడ గొంతెత్తితే పై అంతస్తులో పాలు విరుగుతాయని పేరు. "విన్నావుగా? నోరు మూసుకుని నాటకం చూడు. కేక పెట్టావంటే నిన్ను నేనే మోసుకెళ్లి ఆస్పత్రిలో పడేస్తా" అని మధ్యాహ్నం ఆటకి లాక్కుపోయింది.

చిత్రం ఏమిటంటే, దీపాలు ఆరి, హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టగానే, కిర్రు కూడా బిగబట్టింది. రాణి ఏడిస్తే అతనికీ ఏడుపొచ్చింది. పక్కకి చూస్తే ఎవరో బట్టతలాయన తనకంటే ఘోరంగా ముక్కు చీదుతున్నాడు. బావ పోయాక మొదటిసారి తన ఏడుపుకి తోడు దొరికినట్టనిపించింది. ఆ సాయంత్రం మంచానికి అడ్డంపడి మొద్దులా నిద్రపోయాడు. మళ్లీ వెళ్లారు. వెళ్లినప్పుడల్లా కిర్రు కాస్త కాస్త సన్నబడింది.

అదే నాటకానికి ఇంకోసారి వెళ్లిన రోజు, హాల్లో అడుగు పెట్టగానే అతను ఆగిపోయాడు. వేదిక మీద సింహాసనానికి పైన వేలాడే పెద్ద గంట ఎప్పటికన్నా కాస్త కిందికి ఉన్నట్టుంది. ఊగడం లేదు. ఎవరికోసమో చూస్తున్నట్టు ఊరికే వేలాడుతోంది.

రాజు వచ్చి దానికింద కూర్చున్నాడు. పొట్టి విదూషకుడు రాజుగారి కిరీటాన్ని కుండ అనుకుని నీళ్లు తోడబోతుంటే హాలు గొల్లుమంది. ఆ నవ్వు అడుగున, సన్నగా: కిర్రు.

ఇది తలలోదేనా? అయితే నోరు తెరిస్తే ఆస్పత్రి. కాకపోతే, నోరు మూసుకుంటే ఇంకో మనిషి కిందికొస్తాడు. బట్టతలాయన పగలబడి నవ్వుతున్నాడు. ముందు వరసలో ఒక్క తలా పైకి తిరగలేదు.

కిర్రు. ఈసారి కాస్త సాగదీసి.

అక్క వైపు తిరిగాడు. అక్క నవ్వడం లేదు. నోరు సగం తెరిచి, మెడ ఎత్తి, గంట కట్టిన కప్పీ వైపు చూస్తోంది.

"అక్కా, నీకూ..."

"వినబడిందిరా" అంది. "ఏంటది?"

ఇద్దరు. అతను కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "రాజుగారూ, లేచి పక్కకి దూకండి!"

రాజు పాత్రధారి మంచి నటుడే గానీ, ప్రాణం మీద తీపి ఉన్నవాడు. కిరీటం ఒకవైపు, తానొకవైపు దూకాడు. తాడు తెగింది. సింహాసనం నుగ్గయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, ఇదీ నాటకంలోదే అనుకుని. విదూషకుడు కింద చతికిలబడి వణకడం చూశాక ఆ చప్పట్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి.

ఇంటికొచ్చేదాకా అక్క అతని చెయ్యి వదల్లేదు. మేడ కింద ఆగారు. బావ పోయాక ఇద్దరూ మెట్లే ఎక్కుతున్నారు. అతను లిఫ్టు బొత్తాం నొక్కాడు.

"పిచ్చా ఏంట్రా నీకు?"

"అదే తేల్చుకుందాం, రా."

తలుపు మూసుకుంది. రెండు అంతస్తుల నడుమ, నెత్తిమీద, నిదానంగా: కిర్రు.

అతను పైకి చూడలేదు. అక్క మొహంలోకి చూశాడు.

"ఏమైనా వినబడిందా?"

అక్క చెవి ఒగ్గింది. చాలాసేపు. బావలా తొందరపడలేదు. "లేదురా. నీకు?"

"వినబడింది" అన్నాడు. ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదలు. "నాదేలే."

లిఫ్టు పైకి పోతూనే ఉంది. కిర్రు కూడా వస్తూనే ఉంది. రానిచ్చాడు.