మట్టిలోకి దిగని కారు

భీమారావు రిటైరయ్యాక చిన్న కారు కొన్నాడని తెలిసి రాయపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అందులో దూరుతుంటే నవ్వనివాడు పాపాత్ముడు. ఆయన భార్య వరహాలమ్మ కూడా నవ్వింది. బజారు సందుల్లో రిక్షాల మధ్య నుంచి అది చేపపిల్లలా జారిపోతుంటే, ఇంతకంటే బుద్ధిగల బండి లేదనుకుంది. ఊరు దాటితే మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది.

ఊరి బయట రోడ్డు ఒక్క లారీ పట్టేంత తారు, అటూ ఇటూ మట్టి. రెండు బళ్ళు ఎదురుపడితే పెద్దది తారు మీదే ఉంటుంది, చిన్నది మట్టిలోకి దిగుతుంది. ఎవరూ రాయని చట్టమది, అందరూ ఎరిగినదే. భీమారావొక్కడికే తలకెక్కలేదు. ఉద్యోగమంతా ధమ్తరి వెళ్ళే చిన్న లైను రైలు నడిపాడాయన. బొమ్మలాంటి రైలు. అయినా కూత వేస్తే ఎద్దుబళ్ళేమిటి, బియ్యం లారీలేమిటి, గేటు దగ్గర బుద్ధిగా ఆగేవి. చక్రం దారి వదలడమంటే ఆయన దృష్టిలో ప్రమాదం కిందే లెక్క.

వరహాలమ్మ తమ్ముడు సూర్యారావు భన్‌పురిలో ఒక కార్ఖానాలో పని చేసేవాడు. ఓ ఆదివారం భోజనాల దగ్గర కబురు మోసుకొచ్చాడు.

"మా కార్ఖానాలో మిషను బిగించడానికి అమెరికా ఇంజనీరొచ్చాడు బావా. నీ కారు చూసి, ఊళ్ళో తిరగడానికి బంగారంలాగుందన్నాడు. వాళ్ళ దేశంలో పెద్ద రోడ్డు మీద మాత్రం చచ్చినా ఇలాటిది ఎక్కడట. అక్కడందరివీ ఏనుగుల్లాటి బళ్ళంట. వాటి మధ్య చిన్నదాంట్లో కూకుంటే మన పేణం ఎదుటోడి చేతిలో ఉంటదన్నాడు."

"అలగైతే రూలెందుకు? నా లైన్లో నేనుంటే ఎవుడైనా ఆగాల."

"ఆగాలనుకున్నా, లారీకి బ్రేకు పడాల గదా!"

"నా రైలు మాత్రం పెద్దదేటి? ఎవుడు గుద్దాడో చెప్పు."

వరహాలమ్మ ఉండబట్టలేకపోయింది. "రైలుకి గేటుందండీ. మీ కారుకి గేటు ఎవులేస్తారు?"

ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

అభన్‌పూర్‌లో ఆమె అక్క దాలమ్మ మనవడి బారసాలకి రైల్లో వెళదామని ఆమె ఎంతో బతిమాలింది. కారుండగా రైలేమిటని ఆయన వినలేదు. చివరికి, "లారీ వస్తే దిగుతానని నా మీద ఒట్టెయ్యండి" అంది. ఆయన విసుక్కుంటూనే ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. దారిలో లారీ వచ్చిన ప్రతిసారీ మాట నిలబెట్టుకున్నాడు. వరహాలమ్మకు ఎంత సంతోషం వేసిందంటే, వెళ్ళగానే ఆ ముక్క నలుగురిలో మెచ్చుకుంటూ చెప్పేసింది. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేది!

దాలమ్మ మొగుడు కోటయ్యది ఊరుకునే నోరు కాదు. "ఏటోయ్ తోడల్లుడూ, రైలు తోలినోడివి, లారీని చూసి మట్టిలో దూరేస్తన్నావంట!" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. భీమారావు నవ్వలేదు. తిరుగుప్రయాణంలో కారుని తారు నడిమధ్యనే తోలాడు.

కొంత దూరం వచ్చేసరికి ఎదురుగా బస్తాల లారీ కనబడింది. దాని లైట్లు వెలిగి ఆరాయి.

"దిగండి! ఒట్టేసారు గదా, దిగిపోండి!"

ఆయన కూత తాడు లాగినట్టు హారన్ మీద చెయ్యి నొక్కి పట్టి, తారు మీదే ఉన్నాడు.

వరహాలమ్మకు చెయ్యి విరిగింది. ఆయన ఉన్న వైపు కారే మిగల్లేదు. లారీ డ్రైవరు తల బాదుకుంటూ, "ఛోటీ గాడీ థీ మాజీ, సోచా ఉతర్ జాయేగీ" అని ఏడ్చాడు. చిన్న బండి గదా, దిగుతుందనుకున్నాడట. అతన్ని మాత్రం ఏమనగలదు?

దారిన పోయే జీపువాళ్ళు ఇద్దర్నీ ఎక్కించుకుని రాయపూర్ ఆసుపత్రికి బయల్దేరారు. ఆమె ఒళ్ళో ఆయన తల. ఊపిరి ఆడుతూనే ఉంది. ఊరి మొదట్లోకి రాగానే చిన్న లైను గేటు పడి ఉంది.

గేటుమాన్ పేరు పరదేశి, వాళ్ళ ఊళ్ళ వైపు మనిషే. "ఎత్తు బాబూ, మీ డ్రైవరుగారే" అని వరహాలమ్మ కేక పెట్టింది. పరదేశి జీపులోకి చూసి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"బండి వచ్చేస్తందమ్మా. గేటు పడ్డాక దేవుడొచ్చినా ఎత్తకని నేర్పింది ఈ బాబే" అంటూ ఏడ్చాడు గాని, గేటు ఎత్తలేదు.

అటూ ఇటూ లారీలు, బస్సులు వరసకట్టి నిలబడ్డాయి. చిన్న రైలు కూత వినబడింది. ఆ కూతకి భీమారావు కళ్ళు తెరిచాడు.

"చూసావేటే, అందరూ ఆగారు" అన్నాడు.

పెట్టెలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వెళ్ళిపోయాయి. పరదేశి గేటు ఎత్తాడు, లారీలన్నీ ఒక్కసారి కదిలాయి. జీపు డ్రైవరు హారన్ మోగిస్తూ ముందుకు ఉరకబోయాడు.

ఇక తొందరేం లేదు నాయనా, నెమ్మదిగా పోనివ్వమని వరహాలమ్మ అతనికి చెప్పింది.