ఖాళీగా వదిలిన గడులు

పదకొండయ్యేసరికి అమలమ్మ మూడో దరఖాస్తు నింపుతోంది. ఏలూరు రోడ్డు పక్క సందులో, మేడ మీది నెట్ సెంటరులో వచ్చినవాళ్ల దరఖాస్తులు కొట్టిపెట్టడం ఆమె పని. కీబోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి కానీ ఆమె వేళ్లకి వాటితో పనిలేదు. కోర్టు ఎదుట ఏళ్ల తరబడి టైపు మిషను కొట్టిన వేళ్లవి. నలభయ్యారేళ్ల మనిషి, సన్నగా, ముందుకు వంగి కూర్చుంటుంది. తలుపు చప్పుడైతే చాలు, చేస్తున్న పని ఆపి తల తిప్పుతుంది. పద్నాలుగేళ్లుగా అంతే.

పక్కన కూర్చున్న నర్సు వినీల పెళ్లి సంబంధాల సైటులో తన వివరాలు పెట్టించుకుంటోంది.

"హాస్టల్ అడ్రసు కూడా వేసెయ్యండి ఆంటీ. ఫోన్ నంబరూ."

"వద్దమ్మా. చదువు, ఉద్యోగం చాలు. నచ్చినవాళ్లకి తర్వాత నువ్వే ఇద్దువుగాని."

"గడులు ఖాళీగా ఉంటే ఏమనుకుంటారో?"

"ఏమైనా అనుకోనీ. అడిగినవన్నీ నింపక్కర్లేదు."

వినీల వెళ్లాక అమలమ్మ పాత స్నేహితుల్ని కలిపే సైటు తెరిచింది. వారం నుంచి తెరవడం, మూసెయ్యడం. చిన్నప్పుడు చదివిన కాన్వెంటు పేరుతో అందులో ఎవరో గుంపు ఒకటి పెట్టారు. రెండొందల పైచిలుకు మంది. వాళ్లలో చెల్లెలు తెరేసమ్మ ఉండొచ్చు, లేదా ఆమెని ఎరిగినవాళ్లు ఉండొచ్చు. కానీ అక్కడ రాసింది ఎవరైనా చదవొచ్చు. బాలశౌరి కూడా.

మొగుడి పేరు తలుచుకుంటే చాలు, సరిగ్గా అతుక్కోని ఎడమ మణికట్టు ఇప్పటికీ లాగుతుంది. తొంభైమూడులో ఒక తెల్లవారుజామున చల్లపల్లిలో బస్సెక్కి మైలవరంలో పిన్ని ఇంటికి చేరింది. చెల్లెలికి ఒక్కదానికే ఉత్తరం రాసింది. నాలుగోనాటికల్లా బాలశౌరి ఆ ఉత్తరం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. తెరేసమ్మ ఇవ్వలేదు, పెట్టె వెతికి తీసుకున్నాడు. పెరటి దారిన పారిపోయిన అమలమ్మ మరి ఎవరికీ అడ్రసు రాయలేదు. ఆ ఏళ్లలోనే చెల్లెలి సంసారం ఊరు మారింది. ఎక్కడికో తెలియదు.

ఊరి గడిలో విజయవాడ అని కొట్టి చెరిపేసింది. పుట్టిన తేదీ కొట్టి చెరిపేసింది. ఫొటో గడి ముట్టుకోలేదు. పేరు లేకపోతే చెల్లెలు పోల్చుకోలేదు, ఉంటే అతను పోల్చుకుంటాడు. ఇద్దరికే తెలిసింది ఏదైనా ఉండాలి. అమ్మ పేరు అతనికి తెలుసు. పెంచుకున్న కోడిపెట్ట పేరు పెళ్లైన కొత్తలో నవ్వుతూ తనే చెప్పింది. ఎంత చెప్పేసింది ఆ మనిషికి.

లేచి నీళ్లు తాగింది. కూర్చుని, మళ్లీ లేచింది.

"ఒంట్లో బాగోలేదా అమలమ్మగారూ?" అన్నాడు సెంటరు యజమాని యేసుబాబు.

"బానే ఉంది బాబూ."

నాలుగున్నరకి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టింది. "మన చర్చిలో నీలం గాజు దీపం పగలగొట్టింది ఎవరు? తెలిసిన మనిషి నాకు రాయాలి." పేరు చోట 'అక్క' అని మాత్రం వేసింది. చూపుడువేలు మౌస్ మీద చాలాసేపు ఆగి, నొక్కింది.

తర్వాత జవాబులు వచ్చాయి. గాలికి పడిందన్నారొకరు, పిల్లి అన్నారొకరు. ఒకరు మాత్రం "మీరెవరు, ఏ ఊళ్లో ఉంటున్నారు?" అని మూడుసార్లు రాశారు. ఆ రోజు ఆమె కొట్టిన దరఖాస్తుల నిండా తప్పులే.

పదకొండో రోజు ఆమెకి ఒక్కదానికే కనపడేలా ఒక సందేశం వచ్చింది. "నేనే అక్కా. దెబ్బలు నువ్వు తిన్నావు. ఇది మా అమ్మాయి చేత రాయిస్తున్నా."

అమలమ్మ రెండుసార్లు చదివింది. జవాబులో, పద్నాలుగేళ్లలో మొదటిసారి, ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టింది.

మర్నాడు యేసుబాబుకి, రెండ్రోజులు రానని ఫోన్ చేసింది. వారమైనా రాలేదు. వెళ్లి చూద్దామంటే, ఐదేళ్లు పనిచేసిన మనిషి ఏ పేటలో ఉంటుందో యేసుబాబుకి తెలియదు. నెల తిరిగాక ఒక కార్డు వచ్చింది. చెల్లెలి దగ్గర ఉన్నాను బాబూ, ఇంకెవర్నైనా పెట్టుకో, అని. ఏ ఊరో రాయలేదు.

కొత్తమ్మాయి కోసం కుర్చీ జరిపితే బల్ల కింద, అమలమ్మ సెంటరులో ఉన్నంతసేపూ తొడుక్కునే ఆకుపచ్చ రబ్బరు చెప్పులు కనిపించాయి, మడమల దగ్గర అరిగి, గోడ వైపు తిరిగి, పక్కపక్కనే.