పీల్చినా పలికేది

మా ఆయన దర్జీ. నోట్లో లవంగం లేదంటే మౌత్ ఆర్గాన్ ఉందన్నమాటే. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆఖరి రోజుల్లో ఆ ఎగఊపిరి పక్కనే కూర్చుని విన్నాను. ఆ తర్వాత ఇల్లు కాస్త సద్దుమణిగితే చాలు, నా చెవుల్లో అదే చప్పుడు. అందుకే మిషన్ ఆపకుండా తొక్కేదాన్ని. ఎవరూ అడగని జేబులు కూడా కుట్టి పారేశాను.

మా కొట్టు పై అంతస్తులో ఒక భిక్షుణి ధ్యానం నేర్పుతుంది. వెళ్తానంటే అత్త మూతి విరిచింది. కళ్ళు మూసుకోవడానికి మెట్లెక్కడం దేనికి, ఇక్కడే ఓ కునుకు తీస్తే సరిపోదా అంది. కొడుకు పోయినప్పటి నుంచి అత్త కంట తడి లేదు, నోటికి మాత్రం సెలవు లేదు.

తీరా వెళ్తే ఊపిరిని గమనించమన్నారు. దేన్నుంచి పారిపోయి వచ్చానో దాని ముందే కూర్చోబెట్టారు. ఒళ్ళు మండి లేచొచ్చేస్తుంటే భిక్షుణి గుమ్మం దగ్గర ఆపింది. ఆయన ఊపిరే వినిపిస్తోందని చెప్పి భోరుమన్నాను.

“దాన్ని తరమకమ్మా. వస్తే రానీ. దాని పక్కనే నీ ఊపిరి కూడా ఉంది, అదీ విను,” అంది.

నా ఊపిరికి చప్పుడేదీ? విసుక్కుంటూ కిందికొచ్చి దారం కోసం సొరుగు లాగితే ఆయన మౌత్ ఆర్గాన్ కనిపించింది. పెళ్ళైన కొత్తలో దాన్ని ఊదీ ఊదీ నేను ఆయాసపడుతుంటే ఆయన పడీపడీ నవ్వాడు. “పీల్చినా పలుకుతుందే, పిచ్చిమొహమా.”

పెదాలకు ఆనించుకున్నాను. వదిలితే ఒక స్వరం, పీలిస్తే ఇంకొకటి. పీల్చినప్పుడు సన్నగా లవంగం వాసన. నాకు పాటలేవీ రావు. లోపలికి, బయటికి, అంతే. కాసేపటికి ఆ ఎగఊపిరీ వచ్చింది. రానిచ్చాను. ఈసారి భయం వెయ్యలేదు, ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంది.

“పిల్లి గొంతు నొక్కినట్టు ఏమిటా వాయింపు?” వెనక నుంచి అత్త.

దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. ఊదకుండా పీల్చి చూడమన్నాను.

గొణుక్కుంటూనే నోటి దగ్గర పెట్టుకుంది. గుండెల నిండా పీల్చింది. పొడుగ్గా ఒక స్వరం పలికి ఆగింది. అత్త కళ్ళు మూసుకుంది. ఆ ఊపిరిని ఎంతకీ బయటికి వదల్లేదు.

వీపు మీద చెయ్యి వేశాను. “వదలండి అత్తయ్యా. మళ్ళీ పీల్చుకోవచ్చు.”

అప్పుడు ఏడ్చింది.